మరల – మాటిమాటికి: పౌనఃపున్యవాచకముల చరిత్ర

ఆంగ్లమున 'టైమ్ అండ్ అగైన్' అను పదబంధ మొకటి కలదు. పనియొక్క పౌనఃపున్యమును, అనగా అది పెక్కుసార్లు జరుగుటను, ఇది తెలుపును. దీనికి తెలుగున సమానార్థకము లేవియని యడిగినచో మరల, మరల మరల, తిరిగి తిరిగి, మళ్ళీ మళ్ళీ, మాటిమాటికి, సారెసారెకు, పలుమారు, పదేపదే యని ఎవరైనను క్షణములో చెప్పగలరు. ద్విభాషా నిఘంటువులును ఇట్టి పదములను ఒకే వరుసలో పేర్చుట యాచారమైయున్నది. అమరసింహుడు సయితము అవ్యయవర్గమున ముహుః, పునఃపునః, శశ్వత్, అభీక్ష్ణమ్, అసకృత్ అను నైదింటిని సమానార్థకములుగా పరిగణించెను. కాని వరుసలో నున్న పదములన్నియు ఒకే పని చేయునా? వానిలో ఒకదానికి మారుగా నింకొకటి ప్రయోగించిన నష్టమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము పదముల చరిత్రలో నున్నదని మా యభిప్రాయము. దానిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారణకు మమ్ము పురికొల్పినది గ్రంథము కాదు, చెరకుతోట. కొన్ని సంవత్సరములకు పూర్వము మా తరగతిలో అనువాదాభ్యాసము జరుగుచుండగా, వ్యవసాయ విషయకమైన యొక ఆంగ్లవాక్యము నిచ్చితిమి. ఒకే నాటునుండి 'టైమ్ అండ్ అగైన్' పంట తీయుట మేలు కాదని దాని సారాంశము. చోడవరము మండలములోని గోవాడ గ్రామమునుండి వచ్చిన విద్యార్థి యొకడు దానిని "ఒకే చేనిలో చెరకు మరల తీయరాదు" అని తెనిగించెను. వాక్యము సాఫీగా నున్నందున మేమును దానిని దిద్దలేదు. అతడు సెలవులకు ఇంటికి పోయి, ఆ వాక్యమును చెరకు పండించు తన తాతగారికి చదివి వినిపించెనట. ఆయన యడిగిన ప్రశ్నను విద్యార్థి యథాతథముగా తెచ్చి మాకు చెప్పెను: "మల్లీ తియ్యొద్దంటే ఏట్రా? మల్లీ ఏస్తే మొక్క, వదిలీస్తే కార్శి. రెండిట్లో ఏది వొద్దంతన్నాడు?"

ఈ ప్రశ్నలోని పదును తెలియుటకు చెరకుసాగునుగూర్చి కొంత చెప్పవలెను. గోవాడ శారదానదీ పరీవాహక ప్రాంతములోని చెరకు సీమకు చెందిన గ్రామము. 2022 వరకు విశాఖపట్నము జిల్లాలో నుండి, ఆ యేట ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. చోడవరము సహకార చక్కెర కర్మాగారము అచ్చటనే నెలకొనుటచే ఆ గ్రామనామము చెరకుతో పెనవేసికొనిపోయినది. ఆ ప్రాంతమున చెరకుతోట రెండు విధములు. ముచ్చెలు నాటి పెంచినది మొక్కతోట. దానిని నఱికిన పిమ్మట నేలలో మిగిలిన మోళ్ళనుండి పిలకలు లేచి పెరుగునది కార్శితోట. కార్శివలన ముచ్చెల వ్యయమును, దుక్కి వ్యయమును తగ్గును. అయితే ఒకే నాటునుండి వరుసగా కార్శులు తీసినచో దిగుబడి క్షీణించును. ఎఱ్ఱకుళ్ళు, కాటుక తెగులు, గడ్డిదుబ్బు తెగులు వంటివి మోళ్ళ ద్వారా ఒక పంటనుండి మఱియొక పంటకు సంక్రమించును. ఆంగ్లవాక్యము వలదన్నది ఈ వరుస కార్శులను. మా విద్యార్థి వాక్యమును నమ్మిన రైతు క్రొత్తగా ముచ్చెలు నాటుటయే తప్పని తలచినను తలపవచ్చును. లేదా ఒక్క కార్శియైనను కూడదని దున్నివేసి నష్టపడవచ్చును. 'మరల' యను నొక్క పదము రెండు త్రోవలకు దారితీసినది. తప్పు విద్యార్థి దొక్కనిదే కాదు. దిద్దని మాదియు గలదు.

ఇక ఆంగ్లపదబంధమును పరిశీలింతము. అందలి 'టైమ్' ఇక్కడ నిరవధికమైన కాలము కాదు. ఒకసారి, రెండుసార్లు అని లెక్కించుటకు వీలగు పర్యాయము. 'అగైన్' అను పదముయొక్క చరిత్ర వేఱు. ప్రాచీనాంగ్లమున దీని పూర్వరూపమునకు ఎదురుగా, అభిముఖముగా, వెనుకకు అను నర్థములుండెను. విరోధార్థకమైన 'అగైన్‌స్ట్' అను పదము దీనినుండియే పుట్టినది. ఆ కాలమున పౌనఃపున్యమును చెప్పుటకు 'ఎఫ్ట్' అను వేఱొక పదముండెడిది. అది క్రమముగా వాడుకనుండి తొలగిపోగా, వెనుకకు అను నర్థముగల 'అగైన్' మధ్యాంగ్ల కాలమున దాని స్థానము నాక్రమించెను. అయినను పాత యర్థము వెంటనే నశింపలేదు. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలు అనువాదములో రాకపోకలను, తెచ్చుటను చెప్పు క్రియలతో చేరినపుడు 'అగైన్' పెక్కుచోట్ల వెనుకకు అనియే యర్థమిచ్చుచున్నది. కావున 'టైమ్ అండ్ అగైన్' అనుబంధమున లెక్కకు సంబంధించిన పదమొకటి, తిరుగుదలకు సంబంధించిన పదమొకటి జతగూడినవి. ఈ విషయము మా వాదమునకు మూలము.

తెలుగున ఈ రెండు వంశములును వేఱువేఱుగా నిలిచియున్నవి. మొదటిది తిరుగుదల వంశము. మరలు, మళ్లు, తిరుగు, క్రమ్మఱు, మగుడు అను ధాతువు లన్నిటికిని వెనుకకు తిరుగుట ప్రధానార్థము. వీనినుండియే మరల, తిరిగి, క్రమ్మఱ, మగుడ అను నవ్యయప్రాయములు కలిగినవి. మరలి యనుదానినుండి మళ్లి యేర్పడి, తుది యచ్చు దీర్ఘమై 'మళ్ళీ' యైనదనుట సమంజసము. పోయిన త్రోవనే వెనుకకు వచ్చువాడు ఆ త్రోవను రెండవసారి త్రొక్కుచున్నాడు. ఇట్లు తిరుగుదలనుండి పునరావృత్తి స్ఫురించుట సహజము. ఇది తెలుగునకు మాత్రమే పరిమితము కాదు. కన్నడమున మరళి, తిరుగి యనునవియు, తమిళమున తిరుంబ, మీండుం అనునవియు ఇట్లే పుట్టినవి. సంస్కృతమున పునః అను నవ్యయము వైదికభాషయందు వెనుకకు అను నర్థమునను కలదు. లాటిను భాషలోని 'రె' యను ఉపసర్గకును ఈ రెండర్థములును గలవు. కార్శిని ఆంగ్లమున 'రటూన్' అందురు. అది స్పానిషునందలి 'రెతోన్యో' (పిలక) అను పదమునుండి వచ్చినది. దానియందును ఆ 'రె' యే యున్నది. గోవాడ రైతు కార్శి యనుదానిని పరభాషలవారు 'తిరిగి మొలచునది' యనిరన్నమాట.

రెండవది లెక్కవంశము. మాటు, మారు, తడవ, సారి, విడత, పర్యాయము, దఫా మున్నగునవి ఇందలివి. ఇందు దేశ్యములు గలవు, సంస్కృతమునుండి వచ్చినవి గలవు. దఫా అరబ్బీనుండి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చినది. మాండలికములను చూచినచో ఈ వంశము మిక్కిలి విశాలము. ఉత్తరాంధ్రమున 'ఓపాలి', 'ఇంకోపాలి' యందురు. రాయలసీమలో 'ఒకతూరి', 'ఇంకోతూరి' వినబడును. తెలంగాణమున 'ఒకపారి' యనుట గలదు. ఉత్తరాంధ్రపు 'పాలి' విషయమున పాలు, అనగా వంతు, భాగము, అను పదము స్మరింపదగినది. వంతు వచ్చుటయే పర్యాయము. లెక్కవంశపు పదములకు సంఖ్యతో చేరుట స్వభావము: ఒకమాటు, ముమ్మారు, పలుమారు, నాలుగు పర్యాయములు. తిరుగుదల వంశమున కట్టి యోగ్యత లేదు. 'మూడు మరల' యని గాని, 'పలు తిరిగి' యని గాని ఎవ్వరు ననరు. వంశభేదమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శన మక్కఱలేదు.

ఈ రెండు వంశములకును ఉమ్మడియైన సాధనము ద్విరుక్తి. ఒకే పదమును రెండుమార్లు పలుకుటను పాణిని అష్టాధ్యాయి యెనిమిదవ యధ్యాయారంభమున శాసించి, రెండవదానికి ఆమ్రేడితమను సంజ్ఞ నిచ్చెను. ద్విరుక్తికి చెప్పిన యర్థములలో రెండు మనకు ముఖ్యములు. ఒకటి ఆభీక్ష్ణ్యము, అనగా క్రియ మాటిమాటికి జరుగుట. ఇది క్రియాపదములకు సంబంధించినది. రెండవది వీప్స, అనగా ఒక జాతిలోని ప్రతిదానిని వ్యాపించుట. ఇది నామములకు సంబంధించినది. 'స్మృత్వా స్మృత్వా' యనునది మొదటిదానికిని, 'గ్రామే గ్రామే' యనునది రెండవదానికిని ఉదాహరణములు. తెలుగున 'తలచి తలచి', 'ఊరూర' అనునవి వీనికి సరియైన జోడులు.

1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి ఆమ్రేడిత సంజ్ఞను గ్రహించి తెలుగునకు ప్రత్యేకములైన కార్యములను వివరించెను. పట్టపగలు, నట్టనడుమ, చిట్టచివర వంటి రూపములను ప్రతి విద్యార్థియు నెఱుగును. అవి యాధిక్యమును చెప్పునవి, పౌనఃపున్యమును గావు. మన ప్రస్తుతమునకు కావలసినది వేఱొక సూత్రము: ఆమ్రేడితము పరమగునపుడు పూర్వపదముయొక్క విభక్తి బహుళముగా లోపించుట. అప్పటికి నప్పటికి యనునది అప్పటప్పటికి యగును. ఇంట నింట ననునది ఇంటింట నగును. ఈ త్రోవనే మాటికి మాటికి యనునది మాటిమాటికి యైనది. సారెకు సారెకు అనునది సారెసారెకు అయినది. కావున షష్ఠీ విభక్తితో గూడిన మాటిమాటికి యను రూపమునకు మొదటి యర్థము 'ప్రతి మాటునందును' అని. అది వీప్స. ప్రతిమాటునకు జరుగునది పెక్కుమార్లు జరుగునది కాక తప్పదు గావున, వీప్సనుండి పౌనఃపున్యము సిద్ధించినది. 'పదేపదే' యనునదియు నిట్టిదే. అది సంస్కృతమున సప్తమ్యంతమైన పదశబ్దముయొక్క ద్విరుక్తి. అడుగడుగునను అని దాని మొదటి యర్థము. గడియగడియకు, క్షణక్షణము ననునవియు ఈ కోవలోనివే. దఫాశబ్దము మాత్రము 'దఫదఫాలుగా' అని ద్విరుక్తమైనను వీప్సయందే నిలిచి, విడతలుగా అను నర్థము నిచ్చుచున్నది గాని, పౌనఃపున్యమునకు రాలేదు.

తిరుగుదల వంశము పౌనఃపున్యమును చేరిన త్రోవ వేఱు. 'అతడు మరల వచ్చెను' అనునపుడు రెండర్థములు కలవు. పోయినవాడు వెనుకకు వచ్చెనని యొకటి. ముందొకసారి వచ్చినవాడు రెండవసారి వచ్చెనని యొకటి. 'తలుపు మరల మూసెను' అనుటయు నట్టిదే. అతడే పూర్వము మూసి యుండవచ్చును. లేదా పూర్వము మూసియున్న తలుపును ఎవరో తెఱువగా ఇతడు తొలిసారి మూసి పూర్వస్థితికి తెచ్చి యుండవచ్చును. పూర్వస్థితి ప్రాప్తి, క్రియాపునరావృత్తి అను నీ రెండర్థముల సందిగ్ధత ఆంగ్లపు 'అగైన్' విషయమునను కలదు. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు దానిపై విస్తారముగా చర్చించియున్నారు. ఇప్పుడు 'అతడు మరల మరల వచ్చెను' అని చూడుడు. వెనుకకు వచ్చుట యను నర్థము తొలగిపోయినది. పలుమార్లు వచ్చుట మాత్రమే నిలిచినది. 'తలుపు మరల మరల మూసెను' అనునపుడు పూర్వస్థితి ప్రాప్తి యొక్కటియే యర్థమగుటకు వీలులేదు. ద్విరుక్తి సందిగ్ధతను హరించినది. గోవాడ వృద్ధుని ప్రశ్న పుట్టిన చోటిదియే. మా విద్యార్థి మూలమున నున్న రెండు పదములకు ఒక్క 'మరల' వ్రాసి సంక్షేపించెననుకొనెను. కాని అతడు విడిచినది అక్షరములు కావు, నిర్ణయశక్తి.

ఇచ్చట నొక సూక్ష్మవిషయము గమనింపదగినది. తిరుగుదల వంశపు పదము లన్నియు ద్విరుక్తిచే ఒకే ఫలము నొందుట లేదు. 'మళ్ళీ మళ్ళీ వచ్చెను' అన్నపుడు పౌనఃపున్యము తప్ప వేఱర్థము లేదు. 'తిరిగి తిరిగి వచ్చెను' అన్నపుడు మాత్రము, పెక్కుచోట్ల సంచరించి తుదకు వచ్చెనను నర్థమే ముందు తోచును. 'మరలి మరలి చూచెను' అన్నపుడు మెడ త్రిప్పి చూచుటయే కనబడును. అనగా 'మళ్ళీ' యనునది ధాతువుతో సంబంధము పూర్తిగా త్రెంచుకొని యవ్యయమైపోయినది. 'తిరిగి' యనునది విడిగా నున్నపుడు అవ్యయముగా ప్రవర్తించినను, ద్విరుక్తమైనంతనే క్త్వార్థకక్రియగా తన పూర్వరూపమును చూపుచున్నది. 'మరలి' యనునది ఇంకను క్రియయే. ఒక క్రియ యవ్యయముగా మారుటలో నెంతదూరము పోయినదో కొలుచుటకు ద్విరుక్తి యొక కొలబద్ద యని మేము ప్రతిపాదించుచున్నాము. పరిశోధక విద్యార్థులు పట్టి, విడిచి, కూడి మున్నగు రూపములపైగూడ దీనిని ప్రయోగించి చూడదగును.

అర్థముతోబాటు ధ్వనియు పరిశీలింపదగినది. 'టైమ్ అండ్ అగైన్' అనునది విడివిడి సందర్భములలో జరిగిన పనిని చెప్పును. ఆ సందర్భముల నడుమ వ్యవధి యుండును. 'ఓవర్ అండ్ ఓవర్' అనునది ఎడతెగని పునరావృత్తిని సూచించుటకు ఎక్కువ యనువైనది. మొదటిదానికి మాటిమాటికి, పలుమార్లు, అనేక పర్యాయములు అనునవి తగియున్నవి. రెండవదానికి మళ్ళీ మళ్ళీ, త్రిప్పి త్రిప్పి యనునవి చేరువ. 'చెప్పి చెప్పి' యనుటలో చెప్పినవాని యలసట యున్నది. 'చెప్పగా చెప్పగా' యనుటలో తుదకు వినినవాని లొంగుబాటున్నది. పదేపదే యను పదమునకు నేటి వ్యవహారమున నిందాస్ఫూర్తి యబ్బినది. 'పదేపదే ఆలస్యముగా వచ్చుచున్నాడు' అనుట సహజము. మంచి గ్రంథమును మాత్రము 'మరల మరల చదువదగినది' యందుము. అడుగడుగునను అని పుట్టిన పదము అడ్డము తగులుటను సూచించుట వింత కాదు. ఇవి వ్యాకరణమున కందని భేదములు, ప్రయోగమువలననే తెలియవలసినవి.

ఇట్టి చర్చ పండితగోష్ఠికే పరిమితమని కొంద రనవచ్చును. మా యభిప్రాయ మది కాదు. 1913లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఆధునిక తెలుగునుగూర్చి తమ విజ్ఞాపనమును ప్రకటించిననాటినుండి, వ్రాతభాష వినువారికి బోధపడవలెనను వాదము మనకు పరిచితమే. ఆ వాదము సాధారణముగా గ్రాంథిక వ్యావహారికముల తగవుగా మాత్రమే తలపబడినది. ఈ యుదాహరణమున చిక్కు ఆ తగవులో లేదు. విద్యార్థి 'మరల' యని వ్రాసినను, 'మళ్ళీ' యని వ్రాసినను గోవాడ వృద్ధుని ప్రశ్న మారదు. ఆయన పదము తెలియక యడుగలేదు. పదము మిక్కిలి బాగుగా తెలిసి యడిగెను. తన వృత్తిలో నాటుట, వదలుట అను రెండు పనులకు రెండు పేళ్ళున్నవి గావున, రెండింటిని గప్పివేయు పదమును ఆయన సహింపలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయ పదములకే కేటాయింపబడినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదించిన ఆ గ్రంథము మనకు నేర్పిన పాఠ మిదియే: శాస్త్రమున కావశ్యకమైన సూక్ష్మభేదములను వృత్తులవారు ముందే గుర్తించి పేర్లు పెట్టియున్నారు.

తరువాతి తరగతిలో ఆ వాక్యమును విద్యార్థులందఱు కూడి తిరుగవ్రాసిరి. కుదిరిన రూప మిది: "ఒక్క నాటుమీద మాటిమాటికి కార్శి వదలరాదు." మూలమున లేని 'వదలు' అను క్రియ ఇందు చేరినది. మూలమున నున్న 'అగైన్' కు ప్రత్యేకముగా నొక పదము లేదు. దానిలోని తిరుగుదల యర్థమును కార్శిశబ్దమే భరించినది. 'టైమ్' అను భాగముయొక్క పనిని మాటిమాటికి యను పదము నెఱవేర్చినది. ఆంగ్లమున జతగా నున్న రెండు వంశములు తెలుగున నామమునందొకటియు, అవ్యయమునందొకటియు విడివిడిగా స్థానము లేర్పఱచుకొన్నవి. పదమునకు పదము వెదకినంతకాలము దొరకని వాక్యము, వంశమునకు వంశము వెదకగానే దొరకినది.

దీనినిబట్టి తేలిన విషయములు మూడు. తెలుగు పౌనఃపున్యవాచకములు తిరుగుదలనుండి పుట్టినవి, లెక్కనుండి పుట్టినవి యని రెండు తెగలు. మొదటి తెగ ఆభీక్ష్ణ్యము ద్వారమునను, రెండవ తెగ వీప్స ద్వారమునను పౌనఃపున్యమును చేరినవి. విడిపదమున నుండు సందిగ్ధతను ద్విరుక్తి తొలగించును గావున, దానిని అలంకారమాత్రముగా తలచి అనువాదమున విడుచుట తగదు. విద్యార్థి సెలవులకు పోయినపుడు ఈ క్రొత్త వాక్యమునుగూడ తాతగారికి వినిపించెనట. ఆయన "అలాగని ముందే సెప్పొచ్చు గదా" యని యూరకుండెనని మాకు తెలియవచ్చినది. అంతకుమించిన పరీక్ష నీ వాక్యమునకు మేము కోరము.